నకలు చెప్పే చరిత్ర: ప్లాస్టిక్ సైనిక బొమ్మల పోలిక – పాఠపరిష్కరణ దృష్టి

వ్యాససంగ్రహం

ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో బ్రిటన్, అమెరికా కంపెనీలు తయారుచేసిన ప్లాస్టిక్ సైనిక బొమ్మలకు హాంకాంగ్ కర్మాగారాలు విస్తారంగా నకళ్ళు పోశాయి. ఆ నకళ్ళను సేకరించి, మూలంతోనూ పరస్పరమూ సరిపోల్చే సేకర్తలు అనుసరించే పద్ధతి ప్రాచీన గ్రంథాల పాఠపరిష్కరణ పద్ధతికి చాలా దగ్గరగా ఉంది. ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ తెగిపోతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మూలం దొరికిన తరువాత నకలును పక్కన పెట్టే పరిష్కర్తల అలవాటును ఈ సేకర్తల ఆచరణ ఎలా ప్రశ్నిస్తున్నదో చర్చిస్తుంది.

కీలక పదాలు: నకలు, మాతృక, పాఠపరిష్కరణ, ప్రతుల వంశవృక్షం, సేకరణ, ప్లాస్టిక్ బొమ్మలు, హాంకాంగ్.

1. ప్రవేశిక

తెలుగులో ‘అచ్చు’ అనే మాట రెండు పనులకు చెల్లుతుంది. పుస్తకం అచ్చవుతుంది, బొమ్మనూ అచ్చులోనే పోస్తారు. రెండు వస్తువుల మధ్య భేదం కనిపించకపోతే ‘అచ్చుగుద్దినట్లు ఉన్నాయి’ అంటారు. ఒకే అచ్చు నుంచి వచ్చినట్లు కనిపించే వస్తువులు నిజంగా అచ్చుగుద్దినట్లు ఉండవన్న సంగతిని ఎంతో ఓపికతో నిరూపించినవారు ప్లాస్టిక్ బొమ్మల సేకర్తలు.

ఇక్కడ ప్రస్తావిస్తున్నవి అయిదారు సెంటీమీటర్ల ఎత్తు ఉండే సైనికుల బొమ్మలు, కౌబాయ్‌లు, మధ్యయుగపు వీరులు, జంతువులు. వీటిని సేకరించేవారిలో చాలామంది పేరున్న కంపెనీల అసలు బొమ్మల కోసమే వెతుకుతారు. కొందరు మాత్రం ఆ బొమ్మలకు ఎవరో, ఎక్కడో తీసిన నకళ్ళను కూడా అంతే శ్రద్ధగా కూడబెడతారు. ఒకే భంగిమలో ఉన్న ఆరేడు బొమ్మలను వరుసగా నిలబెట్టి ఎత్తు కొలుస్తారు, అడుగున ఉన్న అక్షరాలను భూతద్దంతో చూస్తారు, తుపాకి పట్టీ ఎక్కడ ఆగిపోయిందో గుర్తిస్తారు. వారి ముందున్న ప్రశ్న ఒక్కటే: ఇందులో దేనిని చూసి దేనిని చేశారు?

పాఠపరిష్కరణలో శిక్షణ పొందినవారికి ఇది కొత్త ప్రశ్న కాదు. ఒక కావ్యానికి పది తాళపత్ర ప్రతులు దొరికినప్పుడు పరిష్కర్త వేసుకునే మొదటి ప్రశ్న ఇదే. సేకర్తలలో ఎక్కువమంది ఈ శాస్త్రాన్ని చదివినవారు కారు. వస్తువు తనంత తాను వారిని ఆ దారికి నడిపించింది. అలా నడిచినవారు శాస్త్రం ఆగిన చోట ఆగలేదు. ఈ వ్యాసానికి ఆసక్తి కలిగించేది ఆ రెండో సంగతి.

2. మాతృక, అచ్చు, నకలు

సీసంతో సైనిక బొమ్మలు పోయడం యూరప్‌లో పాత విద్య. 1893లో బ్రిటన్‌లోని విలియం బ్రిటన్ కుటుంబ సంస్థ లోపల బోలుగా ఉండే సీసపు బొమ్మలను పోసే పద్ధతిని తెచ్చి ధర తగ్గించింది. ఆ సంస్థ పాటించిన 54 మిల్లీమీటర్ల ఎత్తు తరువాతి తయారీదారులకు కొలబద్ద అయింది. అమెరికాలో బెర్జెన్ టాయ్ అండ్ నావెల్టీ కంపెనీ 1938లో ప్లాస్టిక్ సైనికులను విడుదల చేసింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత పాలిథీన్ చవకగా దొరకడంతో ఈ పరిశ్రమ రూపు మారింది. లూయీ మార్క్స్ సంస్థ కోటలతో, గుర్రాలతో, పదుల కొద్దీ మనుషులతో పెద్ద పెట్టెలు అమ్మింది. బ్రిటన్‌లో రాయ్ సెల్విన్-స్మిత్ మలచిన ‘హెరాల్డ్’ బొమ్మలు శరీర కదలికలోని సహజత్వానికి పేరుపొందాయి. ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1959 నుంచి అంగుళం కన్న చిన్న సైనికులను పెట్టెలలో అమ్మసాగింది.

ఈ బొమ్మ తయారయ్యే క్రమం తెలిస్తే తప్ప నకలు ఎలా పుడుతుందో అర్థం కాదు. శిల్పి మొదట ఒక నమూనాను మలుస్తాడు. అది చాలాసార్లు చివరి బొమ్మ కన్న పెద్దది. పాంటోగ్రాఫ్ అనే యంత్రం ఆ నమూనా ఉపరితలం మీద సూదిని నడుపుతూ, అదే కదలికను తగ్గించిన కొలతలో ఉక్కుదిమ్మలోకి చెక్కుతుంది. అలా చెక్కిన రెండు ఉక్కు పలకలు కలిస్తే అచ్చు అవుతుంది. కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో లోపలికి పంపి, చల్లారాక పలకలను విడదీస్తే బొమ్మ బయటకు వస్తుంది. పలకలు తిన్నగా విడిపోవాలి కాబట్టి లోపలికి వంపు తిరిగిన భాగాలను అచ్చు సహించదు. శిల్పి స్వేచ్ఛకు మొదటి హద్దు అక్కడే పడుతుంది.

నకలు తీసేవాడికి శిల్పితో పని లేదు. దుకాణంలో కొన్న ఒక బొమ్మ చాలు. దాని మీద ముద్ర తీసుకొని అచ్చు చేయవచ్చు, లేదా దానినే పాంటోగ్రాఫ్ కింద పెట్టవచ్చు. 1950ల నుంచి హాంకాంగ్‌లో వేగంగా పెరిగిన ప్లాస్టిక్ పరిశ్రమ ఈ రెండు దారులనూ తొక్కింది. పెద్ద కర్మాగారాలతో పాటు ఒకటి రెండు యంత్రాలతో నడిచే చిన్న పనిచోట్లు ఉండేవి. రంగులు వేయడం, ముక్కలు అతకడం వంటి పనులను కుటుంబాలు ఇళ్ళలో చేసేవి. అక్కడి నుంచి ఓడలెక్కిన బొమ్మలు సంచులలో, అట్టలకు కుట్టిన ప్లాస్టిక్ పొట్లాలలో బ్రిటన్, అమెరికా వీధి దుకాణాలకు చేరాయి. అడుగున ‘మేడ్ ఇన్ హాంకాంగ్’ అనో, ‘ఎంపైర్ మేడ్’ అనో ఉండేది. రెండో ముద్ర సరుకు ఏ ఊరిదో చెప్పదు, ఏ సామ్రాజ్యానిదో చెబుతుంది. ఒక బొమ్మ అడుగున ఇంత రాజకీయం పట్టడం విశేషమే.

3. దోషం సాక్ష్యంగా

జర్మన్ పండితుడు కార్ల్ లాఖ్‌మన్ పేరుతో ప్రసిద్ధమైన పాఠపరిష్కరణ పద్ధతికి మూలసూత్రం ఇది: సరైన పాఠం రెండు ప్రతులలో సమానంగా ఉంటే వాటికి దగ్గర చుట్టరికం ఉన్నట్లు కాదు, ఎందుకంటే సరైనది అందరికీ మూలం నుంచే రావచ్చు. ఒకే తప్పు రెండు ప్రతులలో ఉంటేనే చుట్టరికం. పౌల్ మాస్ 1927లో ఈ సూత్రాన్ని మరింత బిగించి, చుట్టరికాన్ని చూపగల తప్పులకూ చూపలేని తప్పులకూ భేదం చెప్పాడు. తెలుగు ప్రతులతో పనిచేసినవారికి ఈ భేదం అనుభవంలోనిదే. ‘ప’ను ‘వ’గా, ‘మ’ను ‘య’గా చదవడం ఏ లేఖకుడైనా ఎవరి ప్రమేయమూ లేకుండా చేయగల పొరపాటు. అది రెండు ప్రతులలో కనిపించినంత మాత్రాన ఒకదానికొకటి చుట్టం కాదు. రెండు ప్రతులలో ఒకే చోట ఒకే పద్యపాదం ఎగిరిపోతే మాత్రం దానిని యాదృచ్ఛికం అనడం కష్టం.

బొమ్మల సేకర్తలు ఇదే తర్కాన్ని చేతులతో చేస్తారు. మోకాలి మీద కూర్చుని తుపాకి గురిపెట్టిన ఒక సైనికుణ్ణి ఊహించుకోవచ్చు. అసలు బొమ్మలో తుపాకికీ ఛాతీకీ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. ముద్ర తీసే పదార్థం ఆ ఖాళీలోకి సరిగా పోదు, పోయినా తిన్నగా బయటికి రాదు. అందుకే నకలులో ఆ చోటు ప్లాస్టిక్‌తో పూడిపోతుంది. ఇది ఏ నకలులోనైనా జరగగలిగిన దోషం కాబట్టి ‘ప–వ’ల తారుమారు వంటిది. బొత్తాలు అరిగిపోవడం, ముఖకవళికలు మెత్తబడడం కూడా ఈ తరగతిలోనివే. అయితే మాతృకగా తీసుకున్న బొమ్మ తుపాకి కొన అప్పటికే విరిగి ఉంటే, ఆ నకలు నుంచి వచ్చిన సంతానమంతా కురచ తుపాకితోనే పుడుతుంది. తాటాకు అంచు విరిగినందువల్ల ఏర్పడిన గ్రంథపాతం ఆ ప్రతి నుంచి రాసుకున్న ప్రతులన్నిటిలో కొనసాగడం లాంటిదే ఇది. భుజం మీద అర్థం లేని ఒక గడ్డ, వీపు మీద ఒక గీత, నీళ్ళ సీసా సగమే ఉండడం వంటివి రెండు నకళ్ళలో ఒకే చోట కనిపించినప్పుడు సేకర్త ఆ రెండింటినీ ఒక కొమ్మ మీద పెడతాడు.

అన్నిటికన్న విలువైన సాక్ష్యం బొమ్మ నిలబడే పీట అడుగున దొరుకుతుంది. నకలు తీసేవాడు అసలు కంపెనీ పేరును తుడిచేయాలి. అచ్చులో పేరున్న చోటును పూడ్చినప్పుడు ఆ ప్రదేశం చుట్టుపక్కల కన్న కొంచెం ఎత్తుగానో పల్లంగానో మిగిలిపోతుంది. ఒక దీర్ఘచతురస్రపు మచ్చ మాత్రమే కనిపిస్తుంది, అక్షరాలు ఉండవు. ఒక్కొక్కసారి ఒకటి రెండు అక్షరాల చివరలు కూడా మిగులుతాయి. శాసనాలలో పాత రాజు పేరును చెక్కివేసిన చోట్లను చదివే శాసన పరిశోధకుడికి ఈ మచ్చ విలువ వేరే చెప్పనక్కరలేదు.

పోలిక ఇంతవరకు సాఫీగా సాగుతుంది. ఒక విషయంలో బొమ్మ తాళపత్రం కన్న నిజాయితీగల సాక్షి. సమాన దోషం రెండు ప్రతులు బంధువులని చెబుతుంది గాని, ఎవరు తండ్రి, ఎవరు కొడుకు అన్నది చెప్పదు. దానికి పరిష్కర్త వివేకమే శరణ్యం, వివేకం పేరుతో అభిరుచి చొరబడే ప్రమాదమూ ఉంది. ప్లాస్టిక్‌కు మాత్రం దిశ ఉంది. కరిగిన పాలిథీన్ అచ్చులో చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. అసలు తయారీదారు దీనిని ముందే లెక్కగట్టి అచ్చును ఆ మేరకు పెద్దదిగా చెక్కిస్తాడు. బొమ్మ మీద నేరుగా ముద్ర తీసేవాడు ఆ లెక్క వేయడు. ఈ కుంచింపును 2 శాతంగా తీసుకుంటే 54 మిల్లీమీటర్ల అసలు బొమ్మకు నకలు సుమారు 52.9 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ నకలుకు నకలు 51.9 దగ్గర, దానికి మళ్ళీ తీసిన నకలు 50.8 దగ్గర ఆగుతుంది. మూడు తరాలలో మూడు మిల్లీమీటర్లకు పైగా తగ్గుదల. అంటే కొలబద్ద ఒక్కటే తరాన్ని చెప్పగలదు. ఇలాంటి సాధనం పాఠపరిష్కర్త చేతిలో లేదు. కావ్యం నకలు అయిన కొద్దీ కుంచించుకుపోదు సరికదా, ప్రక్షిప్తాలతో పెరుగుతుంది కూడా.

4. చిక్కుముడులు

కొలత ఇచ్చే ఈ ధీమా అన్ని చోట్లా నిలవదు. పాంటోగ్రాఫ్‌తో తీసిన నకలును ఎంత కొలతకైనా తగ్గించవచ్చు, పెంచవచ్చు. 54 మిల్లీమీటర్ల బొమ్మ నుంచి అంగుళం బొమ్మ వస్తుంది, చిన్నదాని నుంచి పెద్దదీ వస్తుంది. అప్పుడు ఎత్తు తరాన్ని చెప్పదు. మడతల లోతు, వేళ్ళ విభజన వంటి వివరాలు నశించిన తీరును చూడాలి. చిన్న బొమ్మను పెంచి చేసిన నకలులో ఉపరితలం నున్నగా ఉండి, మడతలు ఉండవలసిన చోట గుండ్రని గుట్టలు ఉంటాయి. పెద్ద బొమ్మను తగ్గించిన నకలులో మడతలు ఉంటాయి గాని ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఈ భేదాన్ని మాటలలో చెప్పడం కన్న చేతితో తడిమి చూపడం సులభం. సేకర్తల రాతలలో వర్ణన తక్కువగా, ఫొటోలు ఎక్కువగా ఉండడానికి ఇదొక కారణం.

రెండో చిక్కు అసలు అచ్చుతోనే. కంపెనీలు మూతపడినప్పుడు వాటి ఉక్కు అచ్చులు అమ్ముడుపోతాయి. లూయీ మార్క్స్ సంస్థ 1980లో దివాలా తీశాక దాని అచ్చులు వేరే చేతులకు మారాయి, వాటిలో కొన్నింటి నుంచి మళ్ళీ బొమ్మలు వచ్చాయి. వీటిని నకళ్ళు అనవచ్చునా? అచ్చు అసలుదే, కొలత అసలుదే. మారినవి రంగు, ప్లాస్టిక్ స్వభావం, కాలం మాత్రమే. పాత అచ్చు అరిగి ఉంటే పలకలు కలిసే చోట అంచు వెంట పలచని పొరలా ప్లాస్టిక్ మిగులుతుంది. పుస్తక చరిత్రలో దీనికి సాటి ఉంది. పాత పేజీల ఫలకాలతోనే మరొక ప్రచురణకర్త వేసిన పునర్ముద్రణను కొత్త పాఠమని ఎవరూ అనరు. సేకర్తలు కూడా ఈ వర్గానికి ‘రీకాస్ట్’ అని వేరే పేరు పెట్టుకొని నకలు నుంచి విడదీశారు. ఈ విభజన తెలివైనది.

మూడోది ముద్ర గురించి. హాంకాంగ్ ముద్ర ఉంటే నకలు, లేకపోతే అసలు అన్న తేలిక సూత్రం హెరాల్డ్ బొమ్మల దగ్గర కూలిపోతుంది. ఈ శ్రేణిని సొంతం చేసుకున్న బ్రిటన్స్ సంస్థే 1960లలో వాటి తయారీని హాంకాంగ్‌కు తరలించింది. అప్పటి నుంచి అసలు హెరాల్డ్ సైనికుడి అడుగునా హాంకాంగ్ పేరుంది, వాడి నకలు అడుగునా హాంకాంగ్ పేరుంది. ఒకే ఊరి కార్మికులు ఒకచోట అధికారిక బొమ్మను, మరొకచోట అనధికారిక బొమ్మను చేశారు. మొదటిది ‘నాణ్యత’ అయింది, రెండోది ‘దొంగ సరుకు’ అయింది. రెంటి మధ్య తేడా చేతి నైపుణ్యంలో కన్న ఒప్పంద పత్రంలో ఎక్కువగా ఉంది.

ఇక సంకీర్ణత. ఒక లేఖకుడు రెండు మూడు మాతృకలను ముందు పెట్టుకొని నచ్చిన పాఠాన్ని ఎంచుకుంటే ప్రతుల వంశవృక్షం చిక్కుపడిపోతుంది. మహాభారత ఆదిపర్వ సంశోధిత ముద్రణకు 1933లో రాసిన పీఠికలో వి. ఎస్. సుక్తంకర్ ఎదుర్కొన్న ప్రధాన సమస్య ఇదే. బొమ్మల లోకంలో బ్రిటన్స్ వారి ‘స్వాపెట్’ శ్రేణి దీనికి సాటి. తల, మొండెం, నడుము కింది భాగం విడివిడిగా చేసి, పిల్లలు మార్చి తగిలించుకునేలా రూపొందించిన బొమ్మలివి. హాంకాంగ్‌లో వీటికి నకళ్ళు విరివిగా వచ్చాయి. పాత పెట్టెలో దొరికిన ఒక వీరుడి తల అసలుదై, మొండెం నకలుదై ఉంటే ఆ సంకరాన్ని చేసింది కర్మాగారమా, అరవై ఏళ్ళ కిందట దానితో ఆడుకున్న పిల్లవాడా అన్నది తేల్చడం కష్టం. పాఠాంతరాలు సృష్టించేవారి జాబితాలో పిల్లలను చేర్చిన శాస్త్రం బహుశా ఇదొక్కటే.

5. విసర్జించిన ప్రతులు

పోలిక తెగిపోయే చోటు ఇక్కడ వస్తుంది. లాఖ్‌మన్ పద్ధతిలో ఒక నియమం ఉంది. లభ్యమైన ఒక ప్రతి నుంచి మాత్రమే రాసుకున్నదని రుజువైన ప్రతిని పాఠనిర్ణయంలో వాడనక్కరలేదు. దాని మాతృక చేతిలోనే ఉంది కాబట్టి అది కొత్తగా ఏమీ చెప్పదు. మాస్ దృష్టిలో అలాంటి ప్రతికి సాక్ష్యంగా విలువ లేదు. ఇటలీ పండితుడు జార్జో పాస్క్వాలీ 1934లో ఈ కాఠిన్యాన్ని కొంత సడలిస్తూ, ప్రతి ఆలస్యంగా రాసినదైనంత మాత్రాన హీనమైనది కాదని వాదించాడు. అయినా నకలుకు నకలు అని తేలినదాన్ని పక్కన పెట్టే అలవాటు పోలేదు.

తెలుగులో ఈ అలవాటుకు దీర్ఘమైన చరిత్ర ఉంది. సి. పి. బ్రౌన్ ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, జూలూరి అప్పయ్య వంటి పండితుల సహాయంతో సరిపోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. ఆ కృషి లేకపోతే ఎన్నో గ్రంథాలు దక్కేవి కావు. అయితే ‘శుద్ధప్రతి’ అనే మాటలోనే ఒక విలువ తీర్పు దాగి ఉంది. శుద్ధి జరిగిన తరువాత మిగిలినది మలినం. తరువాతి పరిష్కర్తలు ప్రతులకు అక్షర సంకేతాలు ఇచ్చి పీఠికలో ఒకటి రెండు వాక్యాలలో వర్ణించారు, ‘తప్పులు మెండు’ వంటి మాటతో కొన్నింటిని పక్కకు నెట్టారు. ఆ ప్రతిని ఎవరు, ఎవరికోసం, ఏ ఊళ్ళో రాశారు? ఏ పద్యాలు వదిలారు? కథలో ఏ ఘట్టం దగ్గర తమ మాటలు చేర్చారు? ఈ ప్రశ్నలకు పాఠనిర్ణయంలో చోటు లేదు. ఫ్రెంచి విమర్శకుడు బెర్నార్ సెర్కిగ్లీనీ 1989లో మధ్యయుగ రచనకు పాఠాంతరమే స్వభావమని వాదించినప్పుడు వచ్చిన అలజడి ఈ ఖాళీ గురించినదే.

బొమ్మల సేకర్తకు ఈ నియమం పనికిరాదు. అతడికి మూలం ముందే దొరికింది, పెట్టెతో సహా అలమారలో ఉంది. నకళ్ళను సరిపోల్చి మూలాన్ని పునర్నిర్మించే అవసరమే అతడికి లేదు. పరిష్కర్త పని ముగిసిన చోట అతడి పని మొదలవుతుంది. మూలం ఏమిటన్నది అతడి ప్రశ్న కాదు. మూలం ఎంత దూరం వెళ్ళింది, వెళ్ళే దారిలో ఏమయిందన్నది అతడు అడుగుతాడు. విసర్జించవలసిన ప్రతినే అతడు ఏరుకొంటాడు. జార్జ్ కుబ్లర్ 1962లో ‘ద షేప్ ఆఫ్ టైమ్’ గ్రంథంలో కళాచరిత్రను ఆదివస్తువులుగా, వాటి ప్రతిరూపాల సమూహాలుగా విడదీసి, ఉద్దేశం లేకుండానే ప్రతిరూపాలలో జరిగే చిన్న చిన్న జరుగుబాట్లను చర్చించాడు. ఒక సైనికుడి పది నకళ్ళు నిలబెట్టిన అలమార ఆ చర్చకు దృశ్యరూపం. వాల్టర్ బెన్యమిన్ యాంత్రిక పునరుత్పత్తి గురించి 1930లలో రాసిన ప్రసిద్ధ వ్యాసం మాత్రం ఇక్కడ అంతగా అక్కరకు రాదు. మొదటి బొమ్మే యంత్రం పోసిన వేలాది బొమ్మలలో ఒకటి. పోగొట్టుకోవడానికి దాని దగ్గర ఏకైకతా ప్రభ లేదు. సేకరణ గురించి రాసేవారు బెన్యమిన్‌ను మొక్కుబడిగా తలచుకోవడం ఇప్పుడొక ఆనవాయితీ అయింది.

సేకర్తల ఆచరణ వారి రాతల కన్న ఉదారమైనది. ఈ మాట విమర్శగానే చెప్పవలసి ఉంది. వారి సూచీలు సాధారణంగా అసలు కంపెనీల పేర్లతో నడుస్తాయి. మార్క్స్, బ్రిటన్స్, ఎయిర్‌ఫిక్స్ అంటూ అధ్యాయాలు ఉంటాయి, శిల్పుల పేర్లు ఉంటాయి. నకళ్ళన్నీ చివరన ‘హాంకాంగ్’ అనే ఒకే శీర్షిక కింద చేరతాయి. ఊరి పేరే కర్త పేరు అయిపోతుంది. తెలుగు సాహిత్య చరిత్రలో ‘అజ్ఞాత కర్తృకం’ అనే పెట్టె చేసే పనినే ఇక్కడ ‘హాంకాంగ్’ చేస్తుంది. పేరు తెలియకపోవడం ఒక స్థితి, దానిని ఒక వర్గంగా మార్చి ఇక వెతకనక్కరలేదనుకోవడం వేరొక స్థితి. ఒకే శీర్షిక కింద పడిన నకళ్ళలోనే పీట ఆకారం, ముద్రలోని అక్షరాల తీరు, ప్లాస్టిక్ రంగు ఆధారంగా వేర్వేరు పనిచోట్లను గుర్తించే ప్రయత్నాలు సేకర్తలే చేస్తున్నారు. ఆ పని వారి సూచీల అమరికలో కనిపించాలి. కాశీ ప్రతి, తంజావూరు ప్రతి అని ఊళ్ళ పేర్లతో ఆగిపోకుండా చేతిరాత ఆధారంగా లేఖకులను వేరుచేయడం లాంటిది అది.

లేఖకుడికి ఒక సౌకర్యం ఉండేది. ప్రతి చివర తన పేరు, సంవత్సరం, తిథి రాసుకునేవాడు. మాతృకలో ఎలా ఉందో అలా రాశాననీ, తప్పుంటే తనమీద వేయవద్దనీ వేడుకునే శ్లోకం ఒకటి అతడికి ఆనవాయితీగా అందుబాటులో ఉండేది. బొమ్మ నకలులో ఆ మాట చెప్పుకునే చోటు పీట అడుగున అర అంగుళం. అందులో దేశం పేరు తప్ప మరొకటి పట్టలేదు.

6. కొత్తదనం ఎవరిది?

నకలులో కొత్తదనం ఉండగలదా అన్న ప్రశ్నకు న్యాయశాస్త్రం ఒక జవాబు చెప్పింది. లెగో ఇటుకల మీద హక్కుల గురించి ఇంటర్‌లెగో, టైకో సంస్థల మధ్య హాంకాంగ్‌లో మొదలైన వివాదం ప్రివీ కౌన్సిల్‌కు వెళ్ళింది. 1988లో వచ్చిన తీర్పు సారాంశం ఏమంటే, నకలు తీయడానికి ఎంత నైపుణ్యం, ఎంత శ్రమ పట్టినా అవి నకలును స్వతంత్ర సృష్టిగా మార్చలేవు. హాంకాంగ్ నకలుదారుకు వ్యతిరేకంగా చెప్పినట్లు ధ్వనించే ఈ సూత్రం నిజానికి అసలు కంపెనీ మీదే పనిచేసింది. పాత చిత్రాలను స్వల్ప మార్పులతో మళ్ళీ గీయించి, వాటి మీద కొత్త హక్కు కోరింది లెగో పక్షమే. ఆ లెగో ఇటుకకూ ఒక మాతృక ఉంది. బ్రిటన్‌లో హిలరీ ఫిషర్ పేజ్ కిడ్డీక్రాఫ్ట్ సంస్థ పేరుతో 1947లో తెచ్చిన ఇటుకలను ఆధారం చేసుకొని, మార్పులు చేసి, 1949లో లెగో తన మొదటి ప్లాస్టిక్ ఇటుకలను విడుదల చేసింది. మూలం కోసం వెనక్కు నడిచేవాడికి ప్రతి మెట్టు మీదా మరొక మూలం కనిపిస్తుంది.

7. సంచిలోని జంతువులు

న్యాయస్థానం ఒప్పుకోని కొత్తదనాన్ని ఆటగాళ్ళు ఒప్పుకున్న ఉదాహరణ ఒకటుంది. సైనిక బొమ్మలతో కాదు, అవే దుకాణాలలో, అదే హాంకాంగ్ ముద్రతో సంచులలో అమ్ముడైన ‘చరిత్రపూర్వ జంతువుల’ బొమ్మలతో ఇది మొదలైంది. ఆ సంచులలో గుర్తుపట్టదగిన డైనోసార్ల పక్కన ఏ పుస్తకంలోనూ లేని వింత ప్రాణులు కొన్ని ఉండేవి. ఒకదానికి వీపు మీద డిప్ప, మరొకదానికి తోక చివర తెడ్డు, ఇంకొకదానికి ముక్కున్న ముఖం. 1966లో మొదలైన జపాన్ టెలివిజన్ ధారావాహిక ‘అల్ట్రామన్’లోని రాక్షసులతో వీటిని కొందరు సేకర్తలు పక్కపక్కన పెట్టి పోలికలు చూపారు. ఆ పోలిక నిజమైతే ఇవి అసలును సరిగా చూడకుండా, లేదా చూసి సగం మరచిపోయి చేసిన నకళ్ళు.

అమెరికాలో గ్యారీ గైగాక్స్ అనే ఆటల రూపకర్త 1970లలో అలాంటి సంచిని ఒక చవక సరుకుల దుకాణంలో కొన్నాడు. బల్ల మీద ఆడే యుద్ధక్రీడకు రాక్షసులు కావలసి వచ్చినప్పుడు ఆ వింత ప్రాణులను నిలబెట్టి, వాటికి పేర్లు పెట్టి, స్వభావాలు కల్పించాడు. 1974లో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటకు 1975లో వచ్చిన ‘గ్రేహాక్’ అనుబంధ గ్రంథంలో ఇనుమును తుప్పుగా మార్చి తినే ప్రాణి, గుడ్లగూబ ముఖమున్న ఎలుగుబంటి చేరాయి. భూమిని చీల్చుకుంటూ వచ్చే ‘బులెట్’ 1976లో ‘ద డ్రాగన్’ పత్రిక మొదటి సంచికలో కనిపించింది. ఈ మూడూ ఆ ఆట సంప్రదాయంలో స్థిరపడి, నేటికీ కొత్త ముద్రణలలో కొనసాగుతున్నాయి.

పాఠపరిష్కరణ పరిభాషలో చెప్పాలంటే ఇది అపపాఠం మూలపాఠం కావడం. ఒక లేఖకుడు తప్పు చదివి రాసిన మాటను తరువాతి నిఘంటుకర్త పదంగా చేర్చుకోవడం, దానిని కవులు ప్రయోగించడం వంటిది. అలాంటి మాటను నిఘంటువు నుంచి తొలగించవచ్చునా అంటే, ప్రయోగం ఏర్పడిన తరువాత అది మాటే. గుడ్లగూబ ముఖమున్న ఎలుగుబంటికి ఇప్పుడు అనుమతి పొందిన బొమ్మలు ఉన్నాయి, వాటి అచ్చులకు హక్కుదారులు ఉన్నారు. ఇప్పుడవే మాతృకలు. సంచిలో వచ్చిన పాత బొమ్మల కోసం సేకర్తలు వెతుకుతున్నారు. ఒకే ప్రాణికి దొరికిన వేర్వేరు పోతలను పక్కపక్కన నిలబెట్టి, ఏది ముందు, ఏది తరువాత అని తోక పొడవును కొలుస్తున్నారు.